మా ప్రాసెసర్‌కి నీళ్లు పోశాను

2024 ఏప్రిల్ 21, ఆదివారం. విశాఖపట్నం మధురవాడలో కడుతున్న ఒక అపార్ట్‌మెంట్ బ్రోచర్‌కి పదకొండు బొమ్మలు సోమవారం పొద్దున్నకల్లా ఇవ్వాలి. మధ్యాహ్నం రెండింటికి మొదలుపెట్టిన రెండర్ (త్రీడీ మోడల్ నుంచి కంప్యూటర్ బొమ్మ తయారుచేసే పని) అయిదున్నరకి కూడా తెమల్లేదు. గదిలో 34 డిగ్రీలు. టేబుల్ కింద కంప్యూటర్ పిండిమరలా మోగుతోంది. హాల్లో టీవీ చూస్తున్న అమ్మ రిమోట్ పట్టుకునే వచ్చి, "అది ఆపుతావా, నన్ను సౌండ్ పెంచుకోమంటావా?" అంది. స్క్రీన్ మీద ప్రాసెసర్ వేడి 95 దగ్గర మేకు కొట్టినట్టు నిలబడిపోయింది. ఆ రాత్రే అనుకున్నాను, దీనికి నీళ్లు పోయాల్సిందేనని.

నేను ఇళ్ల త్రీడీ ఎలివేషన్లు, ఇంటీరియర్ బొమ్మలు చేస్తాను. వాడేది కరోనా రెండరర్. (2020లో ఈ పేరు చెబితే క్లయింట్లు ఫోన్ పెట్టేసేవారు.) బొమ్మ లెక్కంతా అది ప్రాసెసర్ చేతే చేయిస్తుంది, గ్రాఫిక్స్ కార్డు ఎంత పెద్దదైనా లాభం లేదు. అందుకే 16 కోర్ల (లెక్కలు చేసే భాగాల) ఏఎండీ ప్రాసెసర్ రైజెన్ 9 7950ఎక్స్ కొన్నాను. 95 దాకా వెళ్లడం దీనికి జబ్బేమీ కాదు, తయారు చేసినవాళ్లే అలా పెట్టారు. చల్లదనం దొరికినంత మేరా వేగం పెంచుకుంటూ పోతుంది, 95 తగలగానే తగ్గించుకుంటుంది. మా గదిలో జనవరిలో అన్ని కోర్లూ 4.9 గిగాహెర్ట్జ్‌లో పరిగెత్తేవి, ఏప్రిల్‌కి 4.7కి దిగిపోయాయి. ఎండాకాలం అంటే నాకు రెండర్లు ఆలస్యమయ్యే కాలం.

ప్రాసెసర్ వేడిని పైపుల్లో తిరిగే నీళ్లు మోసుకెళ్లి రేడియేటర్ దగ్గర గాలిలోకి వదిలేస్తాయి, నీళ్లు పోయడమంటే ఇదే. మామూలుగా ఎవరైనా దీనికి రెడీమేడ్ సెట్టు, ఎఐఓ అంటారు, అది కొనుక్కుంటారు. పంపు, పైపులు, రేడియేటర్ అన్నీ ఒకే ముక్కగా వస్తాయి, అప్పట్లో పన్నెండు వేలతో అయిపోయేది. నాకూ అది చాలేది, ఇప్పుడు ఒప్పుకుంటున్నాను. కానీ మూడు నాలుగేళ్లకి పంపు పోతే మొత్తం పారేయాలన్న మాట ఒకటి బుర్రలో పట్టుకుంది. దాంతో విడివిడి భాగాలతో సొంతంగా కట్టుకుందామని దిగాను.

22న మూడు చోట్ల ఆర్డర్లు పెట్టాను. ప్రాసెసర్ మీద కూర్చునే వాటర్ బ్లాక్ 8,200. డీ5 రకం పంపు, దానికి అతికిన ట్యాంకు కలిపి 13,500. ఫిట్టింగులు ఎనిమిదికి 6,000. నా ఏడుపంతా ఈ ఫిట్టింగుల దగ్గరే. బొటనవేలంత ఇత్తడి ముక్క ఒక్కోటి 750 రూపాయలు! పైపు రెండు మీటర్లు 1,100, ఫ్యాన్లు మూడు 3,600, నీళ్లలో కలిపే మందు 1,400. రేడియేటర్ దగ్గర కక్కుర్తిపడ్డాను. 360 మిల్లీమీటర్ల సైజుది 3,400కే కనిపిస్తే ఆగలేకపోయాను.

27న వచ్చిన మొదటి డబ్బా అదే. నాన్న స్టీల్ ప్లాంట్‌లో థర్మల్ పవర్ ప్లాంట్ ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యారు. మేముండేది కూర్మన్నపాలెంలో. డబ్బా విప్పుతుంటే పేపర్ పక్కన పెట్టి వచ్చి, రేడియేటర్‌ని ఒక చేత్తో పైకి లేపి, "ఏటిరా ఇది, ఇంత తేలిగ్గా ఉంది? అల్యూమినియం," అన్నారు. పేజీలో రాగి అని రాశారన్నాను. ఆయన ఏమీ అనకుండా పోర్టు లోపలి అంచుని మేకుతో చిన్నగా గీశారు. తెల్లగా మెరిసింది.

"నీ బ్లాక్ ఏంటి?"

"రాగి."

"మరి ఒకే నీళ్లలో రాగీ అల్యూమినియం తిరిగితే ఏమవుద్ది?"

నాకు తెలుసు. రెండు లోహాలూ ఒకే నీళ్లతో కలిస్తే అది చిన్న బ్యాటరీలా పనిచేసి అల్యూమినియాన్ని తినేస్తుంది, ఆ చెత్తంతా వచ్చి బ్లాక్‌లోని సన్నని చీలికల్లో అడ్డం పడుతుంది. చదివింది నేనే, కొన్నదీ నేనే. అమ్మినవాళ్లు వాపసు తీసుకుంటామన్నారు గానీ కొరియర్ ఖర్చు 380 నాదే. డబ్బు తొమ్మిది రోజులకి తిరిగొచ్చింది. రాగి రేడియేటర్ ఇంకో చోట 7,900కి తెప్పించాను, అది మే 6న వచ్చింది. నాన్న దాన్నీ ఎత్తి చూసి తలూపారు. కొనేవాళ్లకి నేను చెప్పగలిగింది ఒకటే, డబ్బా రాగానే తూకం చూడండి, గీరి చూడండి.

కొత్త రేడియేటర్‌ని అలాగే బిగించకూడదు. లోపల అతుకులు వేసినప్పటి ఫ్లక్సు, తుక్కు ఉంటాయి. వేడి చేసిన డిస్టిల్డ్ వాటర్ సగం పోసి, పోర్టులు మూసి, పసిపిల్లాడిని ఊపినట్టు అటూ ఇటూ ఊపి వంపాలి. మొదటిసారి వచ్చిన నీళ్లు పలచటి టీలా ఉన్నాయి. రెండోసారి నల్లటి నలుసులు. మూడోసారికి తేటగా వచ్చాయి. నీళ్ల సంగతీ చెప్పాలి. ముందు బ్యాటరీ షాపులో డ్రమ్ములోంచి పట్టిచ్చే నీళ్లు తెద్దామనుకున్నాను. "ఆ డ్రమ్ము ఎప్పుడు కడిగారో వాడికే తెలీదు," అన్నారు నాన్న. ల్యాబ్ కెమికల్స్ అమ్మే షాపులో సీలు వేసిన అయిదు లీటర్ల క్యాన్ 180కి దొరికింది. ఇంట్లో ఆర్‌ఓ నీళ్లు ఉన్నాయిగా అంటారేమో, వాటిలోనూ లవణాలు మిగులుతాయి, పనికిరావు. మొత్తం తిప్పడానికి పట్టేది లీటరు లోపే. మిగతాదంతా కడగడానికే పోయింది.

మే 10, శుక్రవారం. అక్షయ తృతీయ. సింహాచలంలో చందనోత్సవం. అమ్మా పిన్నీ తెల్లవారుజామున మూడింటికే అప్పన్న దర్శనానికి బయల్దేరారు. ఇల్లు ఖాళీ, పని మొదలుపెట్టాను. పాత ఎయిర్ కూలర్ ఊడదీసే ముందు పది నిమిషాలు రెండర్ నడిపి వేడెక్కించాను, ప్రాసెసర్ నుంచి కూలర్‌కి వేడి అందించే పేస్టు మెత్తబడితే సులువుగా వస్తుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పాత పేస్టు తుడిచాను. ఈ ప్రాసెసర్ మూత చుట్టూ గాట్లు ఉంటాయి, వాటిలోంచి చిన్న చిన్న కెపాసిటర్లు బయటికి కనిపిస్తుంటాయి. పేస్టు పోయి ఆ సందుల్లో ఇరుక్కుంది. ఇయర్ బడ్‌తో నలభై నిమిషాలు పట్టింది అది తీయడానికే.

సరిగ్గా అప్పుడు అమ్మ తిరిగొచ్చింది. ఎండకి మొహం కందిపోయి ఉంది, చేతిలో ప్రసాదం. టేబుల్ మీద మదర్‌బోర్డు, మధ్యలో మిలమిలా మెరుస్తున్న ప్రాసెసర్. చూసి, "దీనికి కూడా ఇవాళే నిజరూప దర్శనమా?" అంది. సంవత్సరమంతా పూతలో ఉండే స్వామి ఈ ఒక్క రోజే పూత లేకుండా కనిపిస్తాడు, రాత్రికి మళ్లీ చందనం పూస్తారు. నేనూ రాత్రికి పూసేస్తాను అన్నాను. పూయలేకపోయాను.

ఎందుకంటే బ్లాక్ డబ్బాలో ఇంటెల్‌కి సంబంధించిన స్క్రూలే ఉన్నాయి. నా ఏఎండీ ప్రాసెసర్ కూర్చునే ఏఎం5 సాకెట్‌వి పెట్టడం మర్చిపోయారు. అమ్మినవాళ్లకి మెసేజ్ పెడితే పది పనిరోజుల్లో పంపిస్తాం అని జవాబు. ఇంటెల్ కిట్‌లో వెనక పెట్టే ప్లేటు ఉంది గానీ, ఏఎం5లో బోర్డు వెనక ప్లేటు సాకెట్‌తోనే బిగించి ఉంటుంది, మార్చడానికి వీల్లేదు. ఆ ప్లేటు మరలు ఎం3 కావు, ఎం4 కావు. 6-32 అనే అంగుళాల లెక్క మర. వంట్లో ఓపిక పోయింది. కంప్యూటర్ విప్పేసి ఉంది, చేతిలో రెండు పనులున్నాయి, పది రోజులంటే ఎలా?

దారి చూపింది ద్వారకానగర్‌లో రిపేర్లు చేసే ఒకాయన. 11న శనివారం పొద్దున్నే బోర్డుతో వచ్చిన పొట్టి స్క్రూ ఒకటి జేబులో వేసుకుని బస్సెక్కాను. ఆయన దాన్ని రెండు వేళ్ల మధ్య తిప్పి చూసి నవ్వాడు. "గురూ, ఇది క్యాబినెట్ స్క్రూయే." నిజమే! కంప్యూటర్ క్యాబినెట్‌కి బిగించే లావు స్క్రూలది ఇదే మర. కావాల్సింది పొడుగు మాత్రమే. లోపలికెళ్లి ఒక చచ్చిపోయిన ఎఐఓ పట్టుకొచ్చి, దాని రేడియేటర్‌కి ఫ్యాన్లు బిగించిన 30 మిల్లీమీటర్ల స్క్రూలు నాలుగు ఊడదీసి ఇచ్చాడు. అదే మర. యాభై రూపాయలు తీసుకున్నాడు. ఇంటెల్ కిట్‌లోని స్ప్రింగులూ వాషర్లూ వాటికి తొడిగితే సరిగ్గా సరిపోయాయి. ఆ బస్సులో ఇంటికొస్తుంటే ఎన్‌ఏడీ ఫ్లైఓవర్ మీద ట్రాఫిక్ కూడా ముద్దొచ్చింది.

బ్లాక్ బిగించడం చెప్పుకోవడానికి పెద్దదేం కాదు. పేస్టు పలచగా పరిచి, నాలుగు స్క్రూలూ మూలకి మూల, ఒక్కోటి రెండు చుట్లు చొప్పున తిప్పుకుంటూ వెళ్లాలి. ఒకే పక్క పూర్తిగా బిగిస్తే బ్లాక్ ఒరిగిపోతుంది. పైపులతోనే తంటా. బ్లాక్‌లోంచి వచ్చే పైపు ర్యామ్ మీదుగా వంగేటప్పుడు మడత పడింది. నీళ్లు ఎలా పోతాయి? ఎల్ ఆకారం ఫిట్టింగులు రెండు కావాలి, ఒక్కోటి 1,150. అవి తెప్పించేదాకా ఆగే ఓపిక లేక అప్పటికి పైపుని పెద్ద ఉంగరంలా తిప్పి కానిచ్చాను. చూడ్డానికి సెలైన్ ఎక్కించినట్టు ఉంది.

లీకేజి పరీక్ష గురించి కాస్త వివరంగా చెబుతాను, ఎందుకంటే టెన్షన్ అంతా అక్కడే. పంపుకి తప్ప ఇంక దేనికీ కరెంటు ఇవ్వకూడదు. బోర్డుకి వెళ్లే 24 పిన్నుల కేబుల్ పీకి, అందులో 16వ పిన్నుకీ 17వ పిన్నుకీ పేపర్ క్లిప్ కలిపితే పవర్ సప్లై తనంతట తాను ఆన్ అవుతుంది. ఆకుపచ్చ వైరూ నల్ల వైరూ కలపండి అని అందరూ చెబుతారు, నా కేబుల్లో వైర్లన్నీ నల్లగానే ఉన్నాయి. పిన్నులు మూడుసార్లు లెక్కపెట్టాను. ప్రతి ఫిట్టింగు కిందా టిష్యూ పేపర్ పరిచాను. ట్యాంకు నింపి, స్విచ్ వేసి, నీళ్లు పైపులోకి లాగగానే ఆపి, మళ్లీ నింపి, మళ్లీ వేసి. పంపు ఒక్క క్షణం కూడా పొడిగా తిరగకూడదు. గ్రైండర్‌లో రాళ్లు వేసినట్టు చప్పుడు వచ్చింది, గాలి అంతా పోయేదాకా అంతే.

రెండు గంటల పాటు ఏమీ లేదు. భోజనం చేసి వచ్చేసరికి పంపు కింద టిష్యూ మీద రూపాయి బిళ్లంత తడి. గుండె జారిపోయింది. నాన్న కళ్లజోడు పెట్టుకుని వంగి చూసి, "పైపు ఏంతో కోశావు?" అన్నారు. కూరగాయల కత్తితో. ఏటవాలుగా తెగింది. మూతి సమంగా లేకపోతే ఫిట్టింగు ఎంత బిగించినా ఒక పక్క సందు ఉండిపోతుంది. నీళ్లు తీసి, కొత్త బ్లేడుతో నిటారుగా కోసి, ఓ-రింగుకి ఆ నీళ్లే కొంచెం తడిచేసి మళ్లీ బిగించాను. ఈసారి నాన్న ఇరవై నాలుగు గంటలు తిరగాల్సిందే అన్నారు. రాత్రంతా పంపు గుడగుడమంటూనే ఉంది, నేను మూడుసార్లు లేచి టార్చి వేసి చూశాను. ఒకసారి నాన్న అప్పటికే అక్కడ ఉన్నారు.

మే 12 రాత్రి తొమ్మిదింటికి కంప్యూటర్ ఆన్ చేశాను. విండోస్ వచ్చింది, ప్రాణం లేచొచ్చింది. రెండర్ మొదలుపెట్టాను. 60, 75, 88, 95.

95!

నలభై వేలు పోసి మళ్లీ అదే అంకె. అమ్మ ఏమీ అడగలేదు, మొహం చూసే అర్థమైనట్టుంది. మర్నాడు 13న పోలింగ్. లైన్లో నిలబడి కూడా దీని గురించే ఆలోచిస్తున్నాను. అప్పుడు తట్టింది, 95 దగ్గర తనంతట తాను ఆగిపోయేదాన్ని 95తో కొలిస్తే ఏం తెలుస్తుంది? అది తాగే కరెంటు ఒకచోట కట్టేయాలి. ఇంటికొచ్చి బయోస్‌లో పీపీటీ, అంటే ప్రాసెసర్ తాగే కరెంటు పరిమితి, 160 వాట్లకి బిగించాను. కంపెనీ పెట్టింది 230. నీళ్ల వేడి కొలవడానికి ట్యాంకు దగ్గర 450 రూపాయల సెన్సర్ ముందే పెట్టుకున్నాను. ఇప్పుడు చూడాల్సింది ప్రాసెసర్ వేడిలోంచి నీళ్ల వేడి తీసేస్తే మిగిలేది. గది ఎంత ఉడుకుతున్నా ఆ తేడా పెద్దగా మారదు. నా లెక్కకి నీళ్లు 39, ప్రాసెసర్ 87, తేడా 48. నీళ్లు బాగానే చల్లగా ఉన్నాయి. అంటే రేడియేటర్ తప్పు లేదు, ప్రాసెసర్ నుంచి నీళ్లకి వేడి అందడం లేదు.

నాన్నకి ఈ లెక్క బాగా నచ్చింది. "కండెన్సర్ దగ్గర మేమూ ఇదే చూసేవాళ్లం," అని కుర్చీ లాక్కున్నారు. ఆయన మొదటి ప్రశ్న, "చల్లనీళ్లు ఏ కన్నంలోంచి లోపలికి పోతున్నాయి?" నాకు రెండు కన్నాలూ ఒకటే అనిపించి ఏది దగ్గరైతే దానికి పెట్టాను. బ్లాక్ పక్కన చీమ తలకాయంత బాణం గుర్తు ఉంది, అది చూడనే లేదు. లోపల ఒక సన్నటి రేకు ఉంటుంది, దాని చీలికలోంచి నీళ్లు సరిగ్గా మధ్యలో రాగి రెక్కల మీదికి చిమ్మాలి. నేను తిరగేసి పెట్టడంతో నీళ్లు అంచుల నుంచి వచ్చి మధ్యలోంచి పోతున్నాయి. పైపులు మార్చడానికి మళ్లీ నీళ్లన్నీ తీయాలి, మళ్లీ గాలి పోగొట్టాలి, మూడు గంటలు. ఎల్ ఫిట్టింగులు కూడా ఆ రోజుల్లోనే వచ్చాయి కాబట్టి 14న అవీ కలిపి చేశాను. తేడా 45కి దిగింది.

బ్లాక్ ఎత్తినప్పుడు పేస్టు అచ్చు చూశాను. అసలు కథంతా అక్కడ కనిపించింది. నడుమ పేస్టు ఉల్లిపొరలా పలచగా ఉంది, కింది అంచు దగ్గర మందంగా మిగిలిపోయింది. బ్లాక్ అడుగు రవ్వంత ఉబ్బెత్తుగా చేస్తారు, ఒత్తిడి మధ్యలోనే ఎక్కువ. కానీ ఈ ప్రాసెసర్‌లో మంట మధ్యలో లేదు. ఎనిమిదేసి కోర్ల ముక్కలు రెండూ మూత కింద దిగువ అంచుకి చేరి ఉంటాయి, గ్రాఫిక్స్ కార్డు వైపు. కుంపటి ఒక చోట, గిన్నె ఒక చోట. కూలర్లు చేసే నాక్టువా కంపెనీ వాళ్లు ఇందుకే కూలర్‌ని 7 మిల్లీమీటర్లు కిందికి జరిపే పట్టీలు అమ్ముతారు. నా బ్లాక్‌కి అలాంటివి లేవు.

అయితే ఆటోనగర్ మనకెందుకుంది? కానీ ఎన్నికల కోసం లేత్ షాపుల కుర్రాళ్లంతా శ్రీకాకుళం, విజయనగరం పక్క ఊళ్లకి వెళ్లిపోయారు. 14న వెళితే షట్టర్లు సగానికి దించి ఉన్నాయి. 15న మధ్యాహ్నానికి ఒక షాపు తీశారు. బ్లాక్‌ని పట్టుకునే స్టీలు పట్టీ చూపించి, నాలుగు కన్నాలూ ఒకే వైపుకి 5 మిల్లీమీటర్లు సాగదీయాలి అన్నాను. ఏడు ఎందుకు కాదంటే, ఇంట్లో కొలిచి చూశాను, ఏడు జరిపితే బ్లాక్ రాగి అడుగు ప్రాసెసర్ మూత అంచుతో ఇంచుమించు సమానమైపోతోంది, కింద ఎస్ఎస్‌డీ మీది హీట్‌సింక్‌కి కూడా తగులుతోంది. మిస్త్రీ పట్టీని అటూ ఇటూ తిప్పి, "ఏ బండిది బాబూ ఇది?" అన్నాడు. కంప్యూటర్‌ది అన్నాను. "కంప్యూటర్‌కి నీళ్లా?" అని పక్కవాణ్ని కూడా పిలిచి చూపించాడు. పావుగంటలో పని అయిపోయింది, 200 రూపాయలు. అంచుల్లో గరుకు మాత్రం ఇంటికొచ్చి ఆకురాయితో నేనే తీసుకున్నాను. ఇనప రజను ఒక్క నలుసు బోర్డు మీద పడితే ఇంకేమీ మిగలదు, కాబట్టి అది బాల్కనీలో చేశాను.

ఆ సాయంత్రం మళ్లీ బిగించి, కొత్త పేస్టు ట్యూబు తీసి (650), అదే 160 వాట్లు. తేడా 41. అయిదు మిల్లీమీటర్లకి నాలుగు డిగ్రీలు! మర్నాడు స్క్రూలు ఒక్కోటి అర చుట్టు బిగిస్తే 40. ఇంకో అర చుట్టు బిగిస్తే కంప్యూటర్ ర్యామ్‌లో ఒకటి గుర్తుపట్టడం మానేసింది. ఈ సాకెట్లో పిన్నులు బోర్డు వైపు ఉంటాయి, ఒత్తిడి ఎక్కువైతే ఇలా చేస్తుందట. వెనక్కి తిప్పగానే ర్యామ్ తిరిగొచ్చింది. నేను మాత్రం ఆ పది నిమిషాల్లో పాతిక వేల బోర్డుకి మనసులో దినం పెట్టేశాను.

ఇక్కడి నుంచి స్క్రూడ్రైవర్ పని తక్కువ, బయోస్ పని ఎక్కువ. పరిమితి తీసేసి 230 వాట్లకి వదిలితే, ఇంత చేశాక కూడా 94, 95 చూపిస్తుంది. ఎందుకంటే మిగిలిన చల్లదనమంతా అది వేగం కిందికి మార్చుకుంటోంది, ఆ చివరి అరవై వాట్లకి వచ్చే వేగం మాత్రం నూరు మెగాహెర్ట్జ్ కూడా లేదు. 170 వాట్ల దగ్గర ఆపితే సరిపోయింది. దాని మీద కర్వ్ ఆప్టిమైజర్ అని ఒకటుంది, ఒక్కో కోరుకి ఇచ్చే వోల్టేజి కాస్త కాస్త తగ్గించుకోవచ్చు. అన్ని కోర్లకీ మైనస్ 30 పెట్టాను. రెండర్ నాలుగు గంటలు గడియారంలా నడిచింది. ఇల్లు అలకగానే పండగ అనుకున్నాను.

29 రాత్రి రెండు రెండర్లు వరసలో పెట్టి పడుకున్నాను. పొద్దున చూస్తే మొదటిది పూర్తయింది, రెండోది మొదలవలేదు, కంప్యూటర్ రీస్టార్ట్ అయి కూర్చుంది. లోడు మీద కాదు, ఖాళీగా ఉన్న రెండు నిమిషాల్లో పడిపోయింది! తక్కువ పనిలో ఒకటి రెండు కోర్లే 5.7 గిగాహెర్ట్జ్ దాకా ఎగురుతాయి, అప్పుడే ఆ తగ్గించిన వోల్టేజి చాలదు. నాలుగు గంటల రెండర్ పాసైతే చాలనుకోవడం నా పొరపాటు. క్లయింట్‌కి కరెంటు పోయిందని చెప్పాను. పాపం, కరెంటు తప్పేమీ లేదు. ఆ తర్వాత అయిదు రోజులూ ఇదే పని, కొంచెం మార్చడం, పగలంతా మామూలు పనులు చేసుకోవడం, రాత్రి ఖాళీగా వదిలేయడం. చివరికి ఎక్కువ ఎగిరే రెండు కోర్లకి మైనస్ 10, మిగిలిన పద్నాలుగింటికి మైనస్ 20 దగ్గర నిలబడింది.

ఫ్యాన్లకి కూడా చిన్న కిటుకు ఉంది. ప్రాసెసర్ వేడి చూసి తిరిగేలా పెడితే, ఫోల్డర్ ఒకటి తెరిచినా గుర్రుమని లేచి మళ్లీ పడుకుంటాయి. నీళ్ల వేడి చూసి తిరిగేలా మార్చాను. నీళ్లు వేడెక్కడానికి పావుగంట పడుతుంది, చల్లారడానికీ అంతే, కాబట్టి ఫ్యాన్లు ఎప్పుడు పెరిగాయో ఎప్పుడు తగ్గాయో తెలియనే తెలియదు. పంపు 60 శాతం మీద వదిలేశాను. నూరు పెట్టినా ఒక్క డిగ్రీ తగ్గింది, చప్పుడు మాత్రం దోమ చెవిలో దూరినట్టు.

జూన్ 4న ఓట్ల లెక్కింపు. ఇంటిల్లిపాదీ టీవీ ముందు. నేను ఏప్రిల్ నాటి ఆ మధురవాడ సీనే మళ్లీ పెట్టాను, కొలత కోసం. గది 33, నీళ్లు 40, ప్రాసెసర్ 80, అన్ని కోర్లూ 5 గిగాహెర్ట్జ్. అప్పట్లో ఒక్కో బొమ్మకి 22 నిమిషాలు పట్టేది, ఇప్పుడు 20 నిమిషాల పది సెకన్లు. కొండను తవ్వి ఎలుకను పట్టానంటే కాదనను. కానీ ఆ ఎలుక చప్పుడు చేయదు. రౌండ్ల వారీగా ఆధిక్యాలు చదువుతుంటే టీవీ పదిహేను పాయింట్ల మీద పెట్టుకుని వింది అమ్మ, నా గది తలుపు తీసే ఉంది. మధ్యలో ఒకసారి తొంగి చూసి, "ఆపేశావా?" అంది. లేదు, నడుస్తోంది అన్నాను.

మొత్తం ఖర్చు నాన్న కాగితం మీద కూడితే 46,710 వచ్చింది, కొరియర్లు, ఆల్కహాల్ సీసా, బస్సెక్కి తెచ్చుకున్న స్క్రూల యాభైతో సహా. తిరిగిన ఆటోలు కలపలేదు. ఆయన ఆ అంకె కింద రెండు గీతలు గీసి, పైకేమీ అనకుండా కాగితం మడిచి నా కీబోర్డు కింద పెట్టారు.

ఇప్పుడు నెల దాటింది. ట్యాంకులో నీళ్లు ఒక వేలెడు తగ్గాయి, లీకేజి కాదు, మూలల్లో దాక్కున్న గాలి బుడగలు ఒక్కోటీ బయటికొచ్చి ఆ చోటు నీళ్లు తీసుకున్నాయి. పైన పోశాను. మా వైపు నల్ల దుమ్ము ఎక్కువ కాబట్టి రేడియేటర్ ముందు జాలీ పెట్టి పదిహేను రోజులకోసారి దులుపుతున్నాను. సంవత్సరానికి ఒకసారి నీళ్లు మార్చాలి. పది పనిరోజుల్లో పంపిస్తామన్న ఏఎం5 స్క్రూలు జూన్ 11న వచ్చాయి.

నాన్న మాత్రం ఒక పాత లాగ్‌బుక్ తీశారు. టిఫిన్ చేశాక వచ్చి, టార్చి వేసి ట్యాంకు మట్టం చూసి, స్క్రీన్ మీది అంకెలు నన్ను చదవమని, రూల్ కర్రతో గీసిన గడుల్లో రాసుకుంటారు. గది, నీళ్లు, ప్రాసెసర్, సంతకం. ఏ షిఫ్టు, బి షిఫ్టు, సి షిఫ్టు. నిన్న పొద్దున్న పుస్తకం తెరిచి, "రాత్రి సి షిఫ్టు రీడింగ్ లేదు. డ్యూటీ ఎవరిది?" అని అడిగారు.